దారి అడిగే ఆమోసు

ఆమోసుకి ఒకటే జబ్బు. ఎక్కడికి వెళ్ళినా ఎవరో ఒకరిని దారి అడగాలి. తెలియని దారి అయితే అందరం అడుగుతాం, అందులో వింతేమీ లేదు. ఆమోసు తెలిసిన దారి అడుగుతాడు. రోజూ నడిచే దారి అడుగుతాడు. ఒకసారి పోస్టాఫీసు మెట్ల మీద నిలబడి, పోస్టాఫీసు ఎక్కడ అని అడిగాడు. అడిగింది పోస్ట్‌మాన్‌ని.

పోనీ దిక్కులు తెలియని మనిషా అంటే అదీ కాదు. కాలిఫోర్నియాలో మేం చదువుకున్న యూనివర్సిటీలో అతను భూమిని కొలిచి మ్యాపులు గీసే విద్యలో పీహెచ్‌డీ చేసేవాడు. గది గోడలనిండా మ్యాపులే. బాత్రూం తలుపు వెనక అలాస్కా వేలాడుతుండేది. కళ్ళకి గంతలు కట్టి ఈ రాష్ట్రంలో ఏ మూల వదిలిపెట్టినా ఆమోసు ఇంటికి వచ్చేస్తాడని వాళ్ళ ప్రొఫెసరు అనేవాడు.

"వస్తడు. కాకపోతే నడుమ నలభైమందిని అడిగి వస్తడు" అనేవాడు దామోదర్.

దామోదర్ హైదరాబాదువాడు. ఆమోసుతో ఒకే అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడు కాబట్టి ఈ జబ్బుని అందరికంటే దగ్గర్నుంచి చూశాడు. ఆమోసుది నరసాపురం. తండ్రి అక్కడ మిషన్ స్కూల్లో హెడ్‌మాస్టరు. ఆమోసు పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో ఉండేవాడు. కుక్కని కూడా "జరగండి" అనే రకం.

దారి అడగడంలో అతనికి ఒక పద్ధతి ఉండేది. తల కాస్త పక్కకి వంచి, "ఎక్స్‌క్యూజ్ మీ సార్, ఐ యామ్ ఎ లిటిల్ లాస్ట్" అని మొదలుపెట్టేవాడు. వాళ్ళు చెబుతుంటే మొదటిసారి వింటున్నట్టు ఆశ్చర్యపోయేవాడు. ఎడమవైపా అని ఒకసారి, ఎడమవైపేనా అని ఇంకోసారి అడిగేవాడు. తప్పు చెప్పినా సరే, చెప్పినవాళ్ళు చూస్తున్నారని అటే నడిచేవాడు. ఒకసారి లైబ్రరీకి బయల్దేరి, ఎవరో పెద్దాయన చెప్పిన దారిన పడి ఊరి చివర గుర్రాలశాల దాకా వెళ్ళొచ్చాడు.

"మధ్యలో తిరిగి రావచ్చు కదండీ?" అని నేనడిగితే, "ఆయన అక్కడే నిలబడి చూస్తున్నారండీ సుమతి గారూ! వెనక్కి తిరిగితే ఏమనుకుంటారు?" అన్నాడు.

1983 మే నెలలో పరీక్షలు అయిపోయాక సముద్రం పక్కన రెండ్రోజులు తిరిగొద్దామని నలుగురం అనుకున్నాం. నేను, నా రూమ్మేట్ రేణు, దామోదర్, ఆమోసు. కారు దామోదర్‌ది. ఆకుపచ్చ రంగు పాత స్టేషన్ వ్యాగన్. ముందు సీటు పక్క తలుపు లోపల్నుంచి తెరుచుకోదు, బయట్నుంచి ఎవరైనా తియ్యాలి. ప్లాను కూడా దామోదర్‌దే. ఏ నిమిషానికి ఎక్కడ ఉండాలో తెల్లకాగితం మీద టైప్ చేసి తెచ్చాడు. పదకొండుకి శాంటా క్రూజ్, రెండుకి మాంటెరే, ఆరుకి బిగ్ సర్‌లో మోటెల్.

"అరే ఆమోస్, ఒక్కటే కండిషన్. ఎవ్వర్నీ దారి అడగొద్దు. ఆరు దాటితే రూమ్‌లు వేరేవాళ్ళకి ఇచ్చేస్తరట. మోటెల్‌వాడు ఫోన్‌లో రెండుసార్లు చెప్పిండు."

"నేనెందుకు అడుగుతానండీ? మ్యాపు నా ఒళ్ళోనే ఉంది కదండీ" అన్నాడు ఆమోసు.

మొదటి ఇరవై మైళ్ళు నిజంగానే అడగలేదు. పెట్రోలు కోసం ఆగినప్పుడు అద్దాలు తుడిచే ముసలాయన్ని అడిగాడు. కాఫీ దగ్గర ఒకళ్ళని, చెర్రీపళ్ళు అమ్మే ఆవిడని, రోడ్డు పక్క కుర్చీ వేసుకుని ఊరికే కూర్చున్న ఇంకొకాయన్ని అడిగాడు. ఈ ఆఖరాయనైతే ఉత్సాహం పట్టలేక కాగితం తెప్పించుకుని బొమ్మ కూడా గీసిచ్చాడు. ఆమోసు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. అలాంటివి ఇంట్లో అట్టపెట్టెడున్నాయని దామోదర్ చెప్పాడు.

శాంటా క్రూజ్‌లో మా పరువు పూర్తిగా పోయింది. సముద్రానికి ఎదురుగా బెంచీ మీద ఒక ముసలావిడ ఒంటరిగా స్వెట్టర్ అల్లుకుంటోంది. అలల తుంపర మా మొహాల మీద పడుతోంది. ఆమోసు ఆవిడ ముందు వంగి, "మేడమ్, పసిఫిక్ మహాసముద్రం ఎటువైపండీ?" అని ఇంగ్లీషులో అడిగాడు.

ఆవిడ కళ్ళజోడు తీసి అతన్ని చూసింది. తర్వాత సూదితో ఎదురుగా చూపించింది. "అదే నాయనా. చాలా పెద్దది. తప్పిపోవులే."

రేణు నవ్వలేక ఇసకలో కూలబడింది. ఆవిడా నవ్వింది, నవ్వి పక్కన చోటిచ్చింది. మేం అక్కణ్ణించి కదిలేసరికి దామోదర్ కాగితం ప్రకారం మాంటెరేలో ఉండాల్సిన టైం.

మాంటెరే చేరేసరికి మూడు దాటింది. అక్కడ పడవలు ఆగే చెక్క వార్ఫ్ కింద సీ లయన్లనే మీసాల సముద్రజంతువులు పడుకుని, ఊరంతా వినబడేలా అరుస్తుంటాయి. వార్ఫ్ మొదట్లో ఒక బెంచీ. దాని మీద ఉన్ని టోపీ పెట్టుకున్న ముసలాయన నీళ్ళవైపు చూస్తూ కూర్చున్నాడు.

"వద్దండీ ఆమోసు గారూ, ప్లీజ్" అంది రేణు.

"అబ్బే, బూటు లేసు కట్టుకుని వస్తానండీ" అని తలుపు తీయించుకుని దిగాడు. కాళ్ళకున్నవి చెప్పులు.

వెళ్ళి, తల పక్కకి వంచి, సీ లయన్లు ఎక్కడుంటాయని అడిగాడు. అవి అతని వెనకే అరుస్తున్నాయి. ముసలాయన చాలాసేపు పలకలేదు. మేం కారులోంచి చూస్తున్నాం. చివరికి ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నువ్వు ఈ ఊరివాడివి కాదు" అన్నాడు. ఇంగ్లీషే గాని వేరే యాస.

"కాదు సార్."

"నేనూ కాదు." ఆయన లేచి నిలబడ్డాడు. "చెబితే తెలియదు. పద, చూపిస్తా."

నేరుగా కారు దగ్గరికొచ్చి, ఆమోసు తలుపు తీసేదాకా ఆగి, ముందు సీట్లో కూర్చున్నాడు. ఆమోసు వెనక మా పక్కన ఇరుక్కున్నాడు. దామోదర్ అద్దంలో నన్ను చూశాడు. ఆ చూపుకి తెలుగులో మాటల్లేవు.

"ఎక్కడికి సార్?" అన్నాడు దామోదర్ నీరసంగా.

"స్ట్రెయిట్."

ఆయన పేరు సాల్వతోరె. పంతొమ్మిదో ఏట సిసిలీ నుంచి వచ్చి యాభయ్యేళ్ళకి పైగా ఇక్కడ చేపలు పట్టాడట. సీ లయన్ల సంగతి మళ్ళీ ఎత్తలేదు. ముందు తను క్షవరం చేయించుకునే షాపు చూపించాడు. తర్వాత చర్చి. తర్వాత రేవులో తను అమ్మేసిన పడవ దగ్గర కారు ఆపించి, "చూశారా, ఎరుపు రంగు వేశాడు వెధవ. పడవకి ఎరుపు వేస్తారా ఎక్కడైనా?" అని అయిదు నిమిషాలు తిట్టాడు. దామోదర్ డ్రైవింగ్‌ని కూడా మధ్యమధ్య తిట్టాడు.

"నువ్వు చుక్కాని తిప్పుతున్నావా, పిండి రుబ్బుతున్నావా?"

చివరికి ఊరి బయట ఒక చిన్న ఇసక తీరం దగ్గర దింపాడు. రెండువైపులా రాళ్ళు, మధ్యలో నీలం నీళ్ళు. "ఇది అచ్చం మా ఊరే. ఇటలీ పోనక్కర్లేదు" అన్నాడు. బూట్లు విప్పేసి, పాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. ఆమోసు వెనకే దిగాడు. వేలెడంత పొడుగున్న చేపల గురించి ఇద్దరూ మాటల్లో పడ్డారు.

"వీటిని మేం నెత్తళ్ళు అంటాం సార్. ఎండబెట్టి వంకాయతో వండుతాం."

"ఎండబెట్టడమేమిటి! ఉప్పులో ఊరెయ్యాలి!"

"ఎండబెట్టాలి సార్."

"ఉప్పు!"

సార్, సార్ అంటూనే ఆమోసు వెనక్కి తగ్గలేదు. సిసిలీ, నరసాపురం ముప్పావుగంట కొట్టుకున్నాయి. ఆయన గట్టిగా నవ్వుతున్నాడు. రేణుకి గాల్లో వల విసరడం నేర్పిస్తున్నాడు. దామోదర్ గడియారం చూసుకుని, కాగితం చూసుకుని, తల పట్టుకుని ఒక రాయి మీద కూర్చున్నాడు. అప్పుడే పైన రోడ్డు మీద పోలీసు కారు ఆగింది.

"ఖతం. వీసా, డిగ్రీ, అన్నీ ఖతం" అన్నాడు దామోదర్.

ఆఫీసరు కిందకి దిగి వచ్చాడు. వార్ఫ్ దగ్గర ఒక పెద్దాయన కనబడటం లేదని కంప్లైంట్ వచ్చిందట. ఆకుపచ్చ కారులో ఎవరో ఎక్కించుకుపోయారని ఎవరో చెప్పారట. అమెరికా వచ్చాక పోలీసుతో మాట్లాడటం అదే మొదటిసారి.

"ఈయన్ని ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"మేం కాదు సార్, ఆయనే మాకు దారి చూపిస్తున్నారు" అన్నాడు ఆమోసు.

"ఎక్కడికి దారి?"

"సీ లయన్ల దగ్గరికి సార్."

ఆఫీసరు వెనక్కి, ఊరివైపు చెయ్యి చూపించాడు. "సీ లయన్లు వార్ఫ్ కింద ఉన్నాయి. మీరు అక్కణ్ణించే వచ్చారు."

సాల్వతోరె మోకాలి లోతు నీళ్ళలోంచి అరిచాడు. "నేను దారి చెబుతుంటే మధ్యలో నువ్వెవడివి?"

ఇంతలో ఇంకో కారు వచ్చింది. అందులోంచి నడుముకి ఏప్రన్ కట్టుకున్న ఒకావిడ పరుగెత్తుకుంటూ దిగింది. ఆయన కూతురు తెరెసా. రేవు పక్కన ఆవిడకి చిన్న హోటలుంది. ఇక తిట్లు తప్పవని నలుగురం వరసగా నిలబడ్డాం. ఆవిడ మమ్మల్ని చూడలేదు. నీళ్ళలో చేతులూపుతూ అరుస్తున్న తండ్రినే చూస్తూ ఉండిపోయింది. ఏప్రన్ అంచుతో మొహం తుడుచుకుని మా దగ్గరికి వచ్చింది.

"అక్టోబరులో మా అమ్మ పోయింది. అప్పట్నుంచి పొద్దున్న ఆ బెంచీ మీద కూర్చోబెడతాను, సాయంత్రం తీసుకెళ్తాను. అవును, కాదు. ఈ రెండు మాటలే. మీరేం చేశారు?"

"ఏం చెయ్యలేదండీ. దారి అడిగాను" అన్నాడు ఆమోసు. 'అండీ' మాత్రం తెలుగులోనే అన్నాడు.

ఆఫీసరు టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు. తెరెసా మమ్మల్ని వదల్లేదు. హోటలుకి తీసుకెళ్ళి, అప్పుడే వేయించిన నెత్తళ్ళు పళ్ళాలకి పళ్ళాలు పెట్టింది. ఆరింటికి మోటెల్ గొడవ ఉందని చెబితే, తనే ఫోన్ చేసి, వీళ్ళు మా ఇంటి చుట్టాలు, ఆలస్యంగా వస్తారు, గదులు ఉంచమంది. దామోదర్ మూడు పళ్ళాలు తిన్నాడు. చేతుల నూనె తుడుచుకోవడానికి ఆ టైప్ చేసిన కాగితం పనికొచ్చింది.

బిగ్ సర్‌కి బయల్దేరేసరికి సముద్రం మీద ఎండ బంగారంలా పరుచుకుని ఉంది. నేనే అడిగాను.

"ఆమోసు గారూ, మ్యాపు ఒళ్ళో పెట్టుకుని ఎందుకండీ అలా అడుగుతారు? నిజం చెప్పండి."

దామోదర్ రేడియో ఆపాడు.

"పెద్ద కారణమేం లేదండీ. నేనొచ్చిన కొత్తలో పదకొండు రోజులు ఎవరూ నాతో మాట్లాడలేదండి. పన్నెండో రోజు బస్టాప్‌లో ఒక మామ్మగారు, డౌన్‌టౌన్‌కి ఏ బస్సు అని అడిగారు. నాకు తెలియదు కదండీ, సారీ చెప్పాను. కానీ ఎంత సంతోషం వేసిందంటే ఇంటికెళ్ళి కోడి వండుకున్నానండి. నన్ను చూసి ఈ ఊరివాడే అనుకున్నారు కదా ఆవిడ!" ఒళ్ళో మ్యాపు మడిచాడు. "అప్పట్నుంచి ఎవరైనా ఒక్కళ్ళే కూర్చుని కనబడితే నోరు ఊరుకోదండి."

నేను కిటికీ వైపు తిరిగాను. నాకు 1981 సెప్టెంబరు గుర్తొచ్చింది. నేను అమెరికా వచ్చి వారం. కెమిస్ట్రీ బిల్డింగ్ మెట్ల మీద ఒక్కదాన్నే కూర్చుని, తిరుగు టికెట్ గురించి ఆలోచిస్తున్నాను. ఎవరో పొడుగాటి మనిషి వచ్చి, కెఫెటీరియా ఎటు అని అడిగాడు. క్యాంపస్‌లో నాకు తెలిసిన దారి అదొక్కటే. అక్కడిదాకా నేనే వెంటబెట్టుకుని వెళ్ళి చూపించాను. ఆ సాయంత్రం మా అమ్మకి ఉత్తరం రాశాను: 'ఇక్కడ దారులన్నీ తెలిసిపోయాయి. పాపం ఎవరో తెలుగాయన తప్పిపోతే నేనే సాయం చేశాను.' అప్పటికి ఆ తెలుగాయన రెండేళ్ళుగా ఆ కెఫెటీరియాలోనే భోంచేస్తున్నాడు.

"ఆమోసు గారూ, ఆ రోజు కెఫెటీరియా..."

"ఆ రోజు నిజంగానే మర్చిపోయానండీ" అన్నాడు సముద్రం వైపు చూస్తూ. అబద్ధం చెప్పడం రాని మనిషి. చెవులు ఎర్రబడ్డాయి.

థాంక్స్ చెప్పాలనుకున్నాను. దానికి బదులు, బయల్దేరేటప్పుడు తెరెసా తలా ఒకటి పెట్టిన నిమ్మతొన చాక్లెట్ జేబులోంచి తీసి ఇచ్చాను. రేణు తనదీ ఇచ్చింది. దామోదర్ స్టీరింగ్ వదలకుండానే చెయ్యి వెనక్కి చాపి తనదీ ఇచ్చాడు. ఎందుకిస్తున్నామో తెలియనట్టు ఆమోసు మూడూ తినేశాడు.

ఆగస్టులో తెరెసా దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అందరం ఆమోసు గదిలో చేరి చదివాం. 'మా నాన్న బాగున్నారు. ఇప్పుడు బెంచీ దగ్గర నిలబడి, అడగనివాళ్ళకి కూడా దారి చెబుతున్నారు. మొన్న పోలీసుకి పోలీస్ స్టేషన్ దారి చెప్పారు. మీరు మళ్ళీ ఎప్పుడొస్తారు? నెత్తళ్ళు ఎండబెట్టడం తప్పని ఆమోసుకి చెప్పమన్నారు.'

"ఇగ పాయె. నెక్స్ట్ టైమ్ పోతే నీకు పని లేదు ఆమోస్. అడగకముందే చెప్తడంట" అన్నాడు దామోదర్.

ఆమోసు నిజంగానే దిగులుగా ఆలోచనలో పడ్డాడు. తర్వాత మణికట్టు మీది గడియారం విప్పి, జాగ్రత్తగా జేబులో దాచుకున్నాడు.

"ఫర్వాలేదండీ. ఈసారి టైమ్ అడుగుతాను."