తీగ మాస్టారి వంపు

ఆ లెక్కల మాస్టారికి పిల్లలు పెట్టిన పేరు తీగ మాస్టారు. వర్గ సమీకరణాన్ని గ్రాఫు గీసి సాధించే పాఠానికి ఇరవై రెండేళ్లుగా ఆయన దగ్గర ఉన్నది ఒక్కటే లెక్క: x² − 2x − 3 = 0. వక్రం అడ్డగీతను మైనస్ ఒకటి దగ్గర, మూడు దగ్గర కోస్తుంది. అవే మూలాలు. ఏటేటా బిందువులు ఎవడు లెక్కగడతాడని, ఆ వక్రానికి సరిగ్గా ఒక రాగితీగ వంచి పెట్టుకున్నాడు. దాన్ని కాగితం మీద ఆనించి పెన్సిలు తిప్పడమే చదువు. ఎందుకని అడిగితే, "నోరు మూసుకుని గీయరా" అన్నదే బోధన.

ఈ ఏడు ప్రశ్నపత్రంలో చివరి మైనస్ కాస్తా ప్లస్‌గా అచ్చయింది. నలభై మంది గొర్రెల మందలా తీగ వంపే గీశారు. నలభై మందికీ పూర్తి మార్కులు. దర్జీ కూతురు ఒక్కతే ఉన్నది ఉన్నట్టు చదివి, ఐదు బిందువులు లెక్కగట్టి కలిపింది. వక్రం అడ్డగీతకు రెండు గళ్ల పైనే ఆగిపోయింది. "తాకలేదు కనుక వాస్తవ మూలాలు లేవు" అని రాసింది. సున్నా పడింది. ఆ సున్నాతో పై తరగతిలో లెక్కల విభాగం చేజారినట్టే.

తల్లి మెడలో టేపు కూడా తియ్యకుండా, కూతుర్ని వెంటబెట్టుకుని హెడ్‌మిస్ట్రెస్ గదికి వచ్చింది.

"గాల్లో వేలాడే గ్రాఫు ఎక్కడైనా ఉంటుందా అమ్మా?" మాస్టారు నవ్వాడు. అప్పటికే ప్రశ్న చూసుకున్నాడు. x దగ్గర ఒకటి పెడితే రెండు వస్తుందని మనసులో తేలిపోయింది కూడా. కానీ ఒప్పుకుంటే నలభై కాగితాలు మళ్లీ దిద్దాలి. పిల్ల చదువు కన్నా ఆయనకు ఆ చాకిరీయే బరువు.

"కొలవకుండా నేను కత్తెర పెట్టను సార్. మీరు కొలిచే సున్నా పెట్టారా?"

"కుట్టుపని చేసుకునేదానివి, గ్రాఫుల గొడవ నీకెందుకు?"

పిల్ల తన జవాబు కాగితం బల్ల మీద పరిచింది. మాస్టారి పుస్తకంలోంచి తొంగిచూస్తున్న తీగను లాగి, తన చుక్కల మీద ఆనించింది. ఐదుకి ఐదూ అతికినట్టు కూర్చున్నాయి. వంపు అదే, ఆరు గళ్లు పైకి జరిగిందంతే.

"మీ తీగే సార్."

హెడ్‌మిస్ట్రెస్ ప్రశ్నపత్రం మరోసారి చదివి, సున్నా కొట్టేసింది.

పిల్లకు సీటు దక్కింది. మాస్టారికి ఏమీ కాలేదు. ఇలాంటివాళ్లకు ఎప్పుడూ ఏమీ కాదు. "తీగ కాస్త వంగిపోయినట్టుందండీ" అని జేబులో వేసుకుని బయటపడ్డాడు, కింద పడ్డా పైచేయి తనదేనన్నట్టు. నలభై మందీ లేని మూలాలతో పాసైపోయారు. మర్నాడు మొదటి పీరియడుకే తీగ మళ్లీ బోర్డెక్కింది.