రెండు వందల నలభై ఎడమ కాళ్ళు

రాయదుర్గంలో నేను పాఠం చెప్పిన గది పొడవు ఇరవై నాలుగు అడుగులు, వెడల్పు పదహారు. పైన రేకులు. కిటికీలు మూడు, వాటిలో ఒకటి తెరుచుకోదు. ఉన్నత పాఠశాలలో ముప్పై ఒక్క సంవత్సరాలు గణితం బోధించి పదవీ విరమణ చేసిన తరువాత, జీన్స్ కుట్టే యూనిట్లలో పని నేర్చుకుంటున్న ఆడవాళ్ళకు ఆకృతుల పాఠం చెప్పడానికి ఒప్పుకున్నాను. మంగళవారం, గురువారం, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు వరకు. హాజరు పట్టీలో పేర్లు ఇరవై ఆరు. గదిలోకి వస్తూనే ప్రతి ఒక్కరూ సంతకం చేయాలి. ఆ నియమం నేను పెట్టిందే.

కుట్టుపనికి గణితం దేనికని మొదటి రోజే అడిగారు. ప్యాంటు ముక్కల ఆకారంలో కత్తిరించిన అట్టలను బట్ట మీద పేర్చి, సుద్దతో చుట్టూ గీయడాన్ని ఆ పనిలో మార్కింగ్ అంటారు. పేర్పు ఎంత ఒత్తుగా ఉంటే బట్ట అంత తక్కువ వృథా అవుతుంది. పేర్చడమంటే జరపడం, తిప్పడం, బోర్లించడం. ఈ మూడింటికీ గణితంలో స్థానాంతరణం, భ్రమణం, పరావర్తనం అని పేర్లున్నాయి. నేను చెప్పవలసిన పాఠం అంతే.

ముగ్గులతో మొదలుపెట్టాను. పదకొండు చుక్కలు, పదకొండు వరుసలు. పావు చుట్టు తిప్పినా మారని ముగ్గు వేయమంటే ఇరవై ఆరు మందిలో పందొమ్మిది మంది నేను గడియారం చూసుకునేలోపు వేసి చూపించారు. నేను పాఠశాలలో రెండు వారాలు చెప్పినా కుదరని విషయం వాళ్ళ వేళ్ళలో ముందే ఉంది. తరువాత కాగితాలు మడిచి కత్తిరించాము. మడత గీతకు రెండు వైపులా ఉన్న సగాలు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటే ఆ గీతను సౌష్ఠవ రేఖ అంటారని చెప్పాను. ముందు వరుసలో కూర్చునే పెద్దామె, వయసు యాభై రెండు, అందరిలోకీ నోరున్న మనిషి, కాగితం మడుస్తూ అంది: "ఇంటికి పోయి మా ఇంటాయన మీసం మడిచి చూస్తా సార్. ఎడం పక్క ఎక్కువుండాదని నాకెప్పటినుంచో అనుమానం."

గది నవ్వింది. నేనూ నవ్వాను.

కిటికీ పక్కన మూడో వరుసలో కూర్చునే ఆమె నవ్వలేదు, కత్తిరిస్తూనే ఉంది. ఆమె వయసు ముప్పై రెండు. నాలుగు ఎకరాల వేరుశనగ చేను, మూడు బోర్లు, మూడింటిలోనూ నీళ్ళు లేవు. భర్త నడుము దెబ్బతిని మంచం మీద ఉన్నాడు. ఇద్దరు పిల్లలు, అత్త. అప్పటిదాకా ఆమె యూనిట్‌లో దారాలు కత్తిరించేది. కుట్టు పూర్తయిన ప్యాంట్లకు వేలాడే పోగులను చిన్న కత్తెరతో తీసే పని అది. రోజంతా తల వంచుకుని కూర్చోవాలి, సరుకు లేని రోజు పని ఉండదు. మార్కింగ్ పని కుదిరితే ఏడాది పొడుగునా ఉంటుంది. కుదరకపోతే బెంగళూరులో కట్టుబడి కూలికి పోవాలి, మంచం మీద మనిషిని వదిలి. ఈ సంగతి ఆమె నాకు ఒకే ఒక్కసారి, ఒకే వాక్యంలో చెప్పింది. అందుకే ఆమె నోటుపుస్తకం మిగతావాటికంటే ఎక్కువ శ్రద్ధగా దిద్దేవాడిని.

జులై చివరి మంగళవారం అర్ధ భ్రమణం చెప్పాను. ప్యాంటు కాలి ముక్క పైన వెడల్పు, కింద సన్నం. దాని పక్కన మరో ముక్కను నూట ఎనభై డిగ్రీలు తిప్పి పెడితే ఒకదాని సన్నం మరొకదాని వెడల్పు పక్కన ఒదిగిపోతుంది. కాగితపు ముక్కలతో ఆమె అందరికంటే ముందు పేర్చింది. మధ్యలో ఖాళీ వేలి మందం కూడా లేదు. ఆమె పుస్తకంలో ఎర్ర సిరాతో "సరి" అని రాసి, కింద ఒక వాక్యం కూడా రాశాను: "కాలి ముక్క పక్కన కాలి ముక్కను సగం చుట్టు తిప్పి పెట్టవలెను."

ఆ వాక్యం తప్పు కాదు. అసంపూర్ణం. ఎడమ కాలి ముక్కను ఎంత తిప్పినా ఎడమ కాలి ముక్కగానే ఉంటుంది. కుడి కావాలంటే అట్టను బోర్లించాలి. అది రెండు రోజుల తరువాత, గురువారం చెప్పాను. మూడు గంటల ఇరవై అయిదు నిమిషాల నుంచి నాలుగు గంటల అయిదు నిమిషాల వరకు, నలభై నిమిషాలు. బట్టను పొరల మీద పొరలుగా పరిచేటప్పుడు ఒక పొర ముఖం, అంటే బయటికి కనిపించవలసిన వైపు, పైకి, తరువాతి పొర ముఖం కిందికి ఉంటే, ఒకే గీత మీద కోసినా ఎడమ, కుడి రెండూ వాటంతటవే వస్తాయి. అన్ని పొరల ముఖాలూ పైకే ఉంటే రావు. అప్పుడు సగం అట్టలను బోర్లించి గీయాలి. బోర్డు మీద బొమ్మలతో సహా చెప్పాను. పాఠం వివరాలు డైరీలో ఉన్నాయి. ఆ రోజు పట్టీలో సంతకాలు ఇరవై ఆరు.

మరుసటి వారం ఆమెను మార్కింగ్ బల్ల దగ్గర నిలబెట్టారు. ఆ బల్ల మీద బట్టను ముఖానికి ముఖంగా పరిచేవారు. పదకొండు వారాలు ఆమె సగం చుట్టు తిప్పి గీసింది, పదకొండు వారాల్లో ఒక్క ముక్క కూడా తప్పు రాలేదు. బట్ట కూడా మిగిలిందని పర్యవేక్షకుడు నాతో స్వయంగా చెప్పాడు. బళ్ళారి వైపు నుంచి వచ్చిన యువకుడు అతను. పని తెలిసినవాడు, మాట మొరటు.

పన్నెండో వారం ఆమెను రెండో బల్లకు మార్చారు. నేతలోని తప్పులు పైనుంచే కనిపించాలని ఆ బల్ల మీద అన్ని పొరల ముఖాలూ పైకే పరుస్తారు. అరవై పొరలు. ఒక్కో పొరలో రెండు ప్యాంట్లకు సరిపడే నాలుగు ముందువైపు కాలి ముక్కలు. ఆమె మొదటి అట్ట పెట్టి గీసింది. అలవాటు ప్రకారం సగం చుట్టు తిప్పి రెండోది గీసింది. అలాగే మూడు, నాలుగు. కోతమర కత్తి ఆ గీతల మీద నడిచింది. అరవై పొరలకు నాలుగేసి, మొత్తం రెండు వందల నలభై. రెండు వందల నలభై ముక్కలూ ఎడమ కాళ్ళే. నూట ఇరవై ప్యాంట్లకు కుడి కాలు లేదు. మళ్ళీ కోయడానికి అదే రంగు తానులో బట్ట మిగల్లేదు. వేరే తాను రంగు కలవలేదు.

మరునాడు, పాఠానికి పది నిమిషాల ముందు, పర్యవేక్షకుడు ఆమెను వెంటబెట్టుకుని నా గదికి వచ్చాడు. చేతిలో రెండు ముక్కలు. వాటిని బల్ల మీద వేసి, ఈమెకు ఎవరూ చెప్పలేదట, నిజమేనా అని అడిగాడు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఒకటే మాట సార్," అన్నాడు. "అట్ట బోర్లించే పాఠం మీరు చెప్పినారా, లేదా? ఆ పొద్దు ఈమె ఉండిందా, లేదా?"

నేను పట్టీ తెరిచాను. ఆ గురువారం పేజీ తీసి, వేలు పెట్టి చూపించాను. పాఠం చెప్పానని, హాజరు ఉందని అన్నాను.

పర్యవేక్షకుడు ఆమె వైపు తిరిగాడు. ఆమె పట్టీ వైపు చూసింది. నా వైపు చూడలేదు.

"సంతకం నాదే," అంది.

"అయితే అయిపాయ," అన్నాడతను. "పాఠం ఉండాది, సంతకం ఉండాది, కాలే ఒకటి తక్కువుండాది."

ఆ రోజే ఆమెను పని నుంచి తీసేశారు.

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా రాయాలి. ఆ గురువారం మూడు గంటల ఇరవై నిమిషాలకు వీధిలో నీళ్ళ ట్యాంకర్ హారన్ మోగింది. నాలుగు రోజులకు ఒకసారి వచ్చే ట్యాంకర్. వచ్చినప్పుడు పట్టుకోకపోతే మరో నాలుగు రోజులు ఇంట్లో నీళ్ళుండవు. కొందరు లేచి వెళ్ళారు. నేను చూశాను. పాఠం ఆపితే ఆ నెల పాఠ్యభాగం పూర్తికాదని బోర్డు వైపు తిరిగి కొనసాగించాను. పర్యవేక్షకుడు అడిగినప్పుడు ఇది నాకు గుర్తుంది. కాని వెళ్ళినవారు ఎందరో, ఎవరెవరో నాకు కచ్చితంగా తెలియదు. కచ్చితంగా తెలియనిదాన్ని నేను చెప్పను. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు. అందుచేత తెలిసినది మాత్రమే చెప్పాను.

తరువాతి మంగళవారం పాఠం అయ్యాక పెద్దామె ఆగింది. నవ్వు లేదు. "ఆ గురువారం ట్యాంకర్ వచ్చింది కదా సార్," అంది. "మేము తొమ్మిది మందిమి బిందెలెత్తుకొని పోతిమి. వరసలో ఆయమ్మ బిందె నా బిందె ముందరే ఉండింది. తిరిగొచ్చేసరికి మీరు బోర్డు తుడుస్తాండిరి. మీ పుస్తకంలో ట్యాంకరుకు గడి లేదా సార్?"

తొమ్మిది మంది పేర్లు ఆమె చేత చెప్పించి రాసుకున్నాను. ఒక్కొక్కరినీ విడిగా అడిగి సరిచూశాను. తొమ్మిదీ కలిశాయి. ఆ జాబితా జతచేసి, నా హాజరు పట్టీ పాఠం మొదటి నిమిషాన్ని మాత్రమే చూపుతుందని, తప్పు బోధకుడిదని ఒకటిన్నర పేజీల లేఖ రాసి పర్యవేక్షకుడికి ఇచ్చాను. అతను నిలబడే చదివాడు. ఆ బల్ల దగ్గర వేరే మనిషి చేరి ఆరు రోజులైందని, ఈ కాగితం ముందే వచ్చి ఉంటే చూసేవాడినని అన్నాడు. కోపంగా అనలేదు. లేఖను మడిచి జేబులో పెట్టుకున్నాడు. పైవారికి పంపాడో లేదో నాకు తెలియదు, జవాబు రాలేదు.

పర్యవేక్షకుడు బల్ల మీద వదిలేసి వెళ్ళిన రెండు ముక్కలు నా దగ్గరే ఉన్నాయి. ఒక ఉదయం వాటిని వెలుతురులో పెట్టి చూశాను. జీన్స్ బట్ట నేతలో ఏటవాలు చారలుంటాయి. రోజూ చూస్తున్నదే. ముక్కను సగం చుట్టు తిప్పాను: చారలు వాలిన వైపు మారలేదు. బోర్లించాను: చారలు ఎదురు వైపుకు వాలాయి, రంగు పాలిపోయింది. భ్రమణానికీ పరావర్తనానికీ ఉన్న తేడా ఆ గుడ్డ మీదే నేసి ఉంది. పాఠానికి నేను తీసుకువెళ్ళింది తెల్ల కాగితం. కాగితానికి ముఖం లేదు, వెనుక లేదు. తిప్పినా బోర్లించినా తెల్లగానే ఉంటుంది.

ఆ గుడ్డ తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. సమయం మూడు గంటల పది నిమిషాలు. వసారాలో కూర్చుని దారాలు కత్తిరిస్తోంది. వేరే యూనిట్ వాళ్ళు ఇళ్ళకు పంపే మూటలు. ఆ రోజుకు రెండు మూటలు దొరికాయంది. లోపల మంచం మీద మనిషి దగ్గు వినిపించింది. వచ్చే నెల మూటలు రావని చెప్పారట. బెంగళూరుకు మేస్త్రీతో మాట్లాడుకున్నానని, పిల్లలు అత్త దగ్గర ఉంటారని చెప్పింది. ఆయనను చూసుకునేదెవరని నేను అడగలేదు.

గుడ్డ ఆమె చేతికిచ్చి, చారలు చూడమన్నాను. ఆమె దాన్ని ఒడిలో పరిచి సగం చుట్టు తిప్పింది. బోర్లించింది. మళ్ళీ తిప్పింది, మళ్ళీ బోర్లించింది. అర నిమిషం కూడా పట్టలేదు.

"ఇంతేనా సార్?"

"ఇంతేనమ్మా."

"దీనికి గుడ్డ పేలిక చాలు కదా."

చాలునని ఒప్పుకున్నాను. లేఖ సంగతి, తొమ్మిది పేర్ల సంగతి చెప్పాను. ఆమె కత్తెర పక్కన పెట్టింది.

"నేను ఆ పొద్దే చెప్పల్లని వచ్చినా సార్, నీళ్ళకు పోతినని. మల్ల మీరు పుస్తకం తెరిస్తిరి. మీ పుస్తకం ముందర నా మాట యాడ నిలబడుతుంది?"

వీధి చివర హారన్ మోగింది. ఆమె ఒడిలోని గుడ్డను నాకు తిరిగి ఇచ్చి లేచింది. "నీళ్ళొచ్చినాయి సార్, కూకోండి," అని రెండు బిందెలు తీసుకుని వెళ్ళింది. గడియారం చూసుకున్నాను: మూడు గంటల ఇరవై రెండు నిమిషాలు. వసారాలో ఆమె సగం పోగులు తీసిన ప్యాంటు ఉంది. లోపలి మనిషి మంచినీళ్ళు అడిగాడు. కుండ వంచి చూశాను. అడుగున ఒక గ్లాసుకు తక్కువే ఉన్నాయి. అవి ఇచ్చాను.

ఆమె రెండు బిందెలతో తిరిగి వచ్చేసరికి నాలుగు గంటల రెండు నిమిషాలైంది. నలభై నిమిషాలు.

అదే సాయంత్రం హాజరు పట్టీలో ఆ గురువారం పేజీ తీసి, తొమ్మిది సంతకాల ఎదురుగా వెళ్ళిన సమయం రాశాను. ముప్పై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలోనూ, ఆ తరువాత కూడా, నేను పాత పేజీ దిద్దడం అదే మొదటిసారి. నెలాఖరు సోమవారం ఉదయం ఆరు గంటల పది నిమిషాల బస్సులో ఆమె బెంగళూరు వెళ్ళింది.