సాగర్ పోయి గదిల కూసున్న నాలుగు రోజులు

నాగార్జునసాగర్ పోయి డ్యాం చూడకుంట, లాంచీ ఎక్కకుంట, ఎత్తిపోతల దిక్కు తొంగి గూడ చూడకుంట వచ్చినోళ్లు ఎవరన్న ఉన్నరా అంటె మేమున్నం, నేను, మా ఆయన. పోయే బండ్లు, దిగే తావు చెప్త, మీకు అక్కరకొస్తయి. చూసేటియి మాత్రం ఇంకెవరినన్న అడగండ్రి.

ఎనభైలు మొదలైన కొత్తల సంగతి. వరంగల్ స్టేషన్ రోడ్డు మీద మాది బోళ్ల దుకాణం. ముందట దుకాణం, వెనుక ఇల్లు. దసరా గిరాకి జోరుమీదున్నప్పుడు మా ఆయనకు గుండెనొప్పి వచ్చింది. పన్నెండు రోజులు దవాఖానల ఉండి ఇంటికొచ్చిండు. మందులు టైముకు ఇస్తున్న, ఉప్పు తగ్గించిన, వెనుక అర్రల మంచమేసిన. కాని నిద్ర లేదు. కన్ను మూస్తె ఒక గంట, మళ్ల లేసి కూసునుడు. డాక్టర్ నాడి చూసి నా దిక్కు తిరిగిండు. "నిద్ర లేకపోతే నా మందులేం పనిచేస్తాయమ్మా. ఇంకోసారి నొప్పి వస్తే నేను చెప్పలేను" అన్నడు. ఆ మాట విన్నకాన్నుంచి నాకు ముద్ద దిగుతలేదు.

నిద్ర ఎందుకు లేదంటె నాకు కనిపించింది ఒక్కటే, చూడవొచ్చేటోళ్లు. మా దిక్కు మనిషికి బాగలేదంటె పోయి చూసిరాకపోతె తప్పు. పొద్దున ఏడింటికి మొదలైతె చుట్టాలు, బజారోళ్లు, ఎన్నడో ఒక గంగాళం కొన్నోళ్లు గూడ. ఊకె చూసి పోరు. ఎట్లొచ్చింది, ఏ పక్క వచ్చింది, చెమట వట్టిందా అని మొదటికెల్లి చెప్పించుకుంటరు. ఆయన లేసి కూసొని అందరికి చెప్తడు. వాళ్లు పోయినంక నేను ఇంట్ల ఎవ్వరిని సప్పుడు చెయ్యనియ్యకపోయేది. డాక్టర్ గూడ "మిమ్మల్ని ఎవరూ గుర్తుపట్టని చోటికి తీసుకుపొండి. మెట్లు ఎక్కనివ్వద్దు, తిప్పద్దు" అన్నడు.

విశ్రాంతికి పోతున్నమంటె చుట్టాలు అక్కడికి గూడ వస్తరు. అందుకని సాగర్ చూడవోతున్నమని అందరికి చెప్పిన. మా మరిది సత్యం గెస్టుహౌసుల గది చెప్పిపెట్టిండు. మా ఆయన నిజమే అనుకొని సంబురపడ్డడు. "లాంచీల కొండకు పోదాం, మ్యూజియం చూద్దాం" అన్నడు. నేను మందుల సంచి సదురుడుల పడ్డ.

శుక్రవారం పొద్దున ఆరింటి బండికి బయలెల్లినం. నాలిక కింద పెట్టే గోలీలు కొంగున ముడేసుకున్న. సంచిల రొట్టెలు, పెరుగన్నం, మరచెంబుల కాచి చల్లార్చిన నీళ్లు. తొమ్మిదిన్నరకు సికింద్రాబాద్‌ల దిగి, ఆటోల గౌలిగూడ బస్టాండుకు పోయినం. పదకొండు గంటలకు సాగర్ బస్సు. మీరు పోతె ముందటి సీట్లల్ల కూసోండ్రి, వెనుక కుదుపు ఎక్కువ. గుంత వచ్చినప్పుడల్ల నేను ఆయన మొఖం చూసుడే. "రోడ్డు దిక్కు చూడరాదా, నా మొఖంల ఏమున్నది" అన్నడు ఆయన.

మల్లేపల్లి కాడ ఒక కుటుంబం ఎక్కింది. ముసలాయన, ఆయన భార్య, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడండ్లు. ముసలామె పేరు సుగుణమ్మ. బత్తాయిల సంచితోని వచ్చి నా పక్కన కూసున్నది. నాలుగు రోజులు ఎవ్వరికి ఏం చెప్పొద్దని వరంగల్ల బండెక్కినప్పుడే ఒట్టు పెట్టుకున్న. ఆమె బత్తాయి వొలిచి తొనలు నా చేతుల పెట్టి, "ఎంత దూరం వొదినా? అన్న మొఖం గట్ల పీక్కపోయిందేంది?" అని అడిగింది. రెండు నెల్ల సంది నన్ను ఎవరు ఏం అడగలె. అడిగినోళ్లంత ఆయన్నే అడిగిండ్రు. ఇగ నా నోరు ఆగలె. అరగంటల నొప్పి, దవాఖాన, నిద్ర, డాక్టర్ మాట అన్ని చెప్పిన. చెప్పినంక తెలిసింది, వాళ్లు గూడ దిగేది మా గెస్టుహౌసులనే.

మూడున్నరకు దిగినం. గది మంచిగున్నది. సున్నం కొత్తగ వేసిండ్రు, రెండు మంచాలు, కిటికీల కెల్లి నీళ్లు కనిపిస్తయి. ముందు చెప్తె అక్కడి వంటాయన చప్పిడిగ వండిపెడ్తడు.

ఆ రాత్రి ఆయన పండుకోలె. కొత్త తావు గద అనుకున్న. తెల్లారి అందరు డ్యాం చూడవోయిండ్రు, గెస్టుహౌసంత ఖాళీ. చీమ నడిస్తె ఇనొస్తది. నేను గూడ సప్పుడు కాకుంట గాజులు వెనుకకు నూకి కూసున్న. ఆయన ఎల్లెలకల పండుకొని ఎడమ చెయ్యిని కుడిచేత్తోని పట్టుకున్నడు. ఏం చేస్తున్నరంటె, "నాడి చూసుకుంటాన. మధ్యల ఒకటి తప్పుతాంది" అన్నడు. వరంగల్ల ఉన్నప్పుడు ఆయనకు గీ పని లేకుండె. డాక్టరు ఒక దిక్కు, మేము ఒక దిక్కు, నడుమ నాలుగు గంటల బస్సు, ఆ మీద రైలు. ఏం పని చేసిన దేవుడా అనుకున్న.

మధ్యాహ్నం లాంచీ కూత ఇనిపించింది. "పోదామా?" అన్నడు. మెట్లున్నయట అన్న. "మరి ఎందుకొచ్చినం?" అన్నడు. ఇగ దాచలేక ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన గోడ దిక్కు తిరిగిండు. ఆ రోజు గూడ నిద్ర లేదు.

మూడోనాడు పదిగంటలకు తలుపు కొట్టిండ్రు. తెరిస్తె సుగుణమ్మ, వెనుక వాళ్ల ఇంటిల్లిపాది, చేతుల బత్తాయిలు. అన్నను చూసిపోదామని వచ్చినమన్నది. ఎక్కడ పడొద్దని ఇంత దూరం వచ్చిన్నో అక్కడ్నే పడ్డ, అది గూడ నా నోటితోని. తలుపుకు అడ్డం నిలబడి, పండుకున్నడని అబద్ధమాడిన. లోపటికెల్లి ఆయన గొంతు, "చూడవొచ్చినోళ్లను గడప కాడ నిలబెడ్తవా? రమ్మను" అని.

ఆరుగురు లోపలికొచ్చి రెండో మంచం మీద, కింద కూసున్నరు. ముసలాయన మొదలువెట్టిండు, "మా అన్నకు గూడ గిట్లనే వచ్చింది, మూడు నెల్లకు..." అని. నేను కండ్లతోని సైగ చేస్తున్న. సుగుణమ్మ మోచేత్తోని పొడిచింది. ముసలాయన ముచ్చటను బత్తాయి తోట మీదికి మలిపిండు. కొత్త మోటరు తప్పని పెద్దకొడుకు, పాతదే బాగు చేపిద్దామని చిన్నకొడుకు. కోడండ్లు గిన్నెలు ముందటేసుకొని బత్తాయిలు పిండుతాండ్రు. వచ్చింది ఎందుకో మరిచిపోయి వాళ్లల్ల వాళ్లే మాట్లాడుకుంటాండ్రు. వీళ్లెప్పుడు లేస్తరా అని నేను చూస్తాన.

ఒకసారి ఇటు తిరిగి చూస్తె ఆయన తల పక్కకు వాలింది, నోరు తెరుచుకున్నది. నా పానం పోయింది. ఉరికి ముక్కు కాడ వేలు పెట్టిన. శ్వాస ఉన్నదో లేదో తెలుస్తలేదు. కొంగు ముడి ఇప్పుతాంటె రాదు. అంతల గుర్రు ఇనిపించింది.

అందరు ఒక్కసారి నోరు మూసిండ్రు. గది సప్పుడు లేకుంటయ్యింది. గుర్రు ఆగింది, రెప్పలు కదిలినయి.

అప్పుడు నాకు అర్థమైంది. ఇరవై ఏండ్ల సంది దుకాణంల మధ్యాహ్నం తిన్నంక గద్దె మీద దిండుకు ఆనుకొని ఆయన పండుకునుడు చూస్తనే ఉన్న. ఒక దిక్కు గిరాకోళ్ల బేరాలు, ఒక దిక్కు సత్యం బోళ్ల మీద పేర్లు కొట్టే టక్‌టక్. ఆ మనిషిని తీస్కపోయి సప్పుడు లేని అర్రల ఏసిన. వచ్చినోళ్లకేమో ఒక్కొక్కరికి జవాబు చెప్పాల్సొచ్చె. నిద్ర నేనే చెడగొట్టిన.

"మాట్లాడుండ్రి వొదినా, మోటరు సంగతి ఆపకుండ్రి" అన్న. సుగుణమ్మ ఒక్క నిమిషం నా మొఖం చూసి, "పాత మోటరు వాడుండ్రి, కొత్తది కొంటె నేనూకోను" అని గట్టిగ అందుకున్నది. ఆయన రెప్పలు నిలిచినయి.

ఒంటిగంట దాటింది. మధ్యాహ్నం లాంచీకి వాళ్లు టికెట్లు తీసుకొని ఉన్నరు. పొండ్రి అన్న. కొడుకులను, కోడండ్లను పంపి ముసలోళ్లిద్దరు కూసున్నరు. "లాంచీ రేపు గూడ ఉంటది" అన్నది సుగుణమ్మ. రేపు పొద్దుగాలనే వాళ్ల బస్సని నాకు ఎరుకే. నాలుగింటి దాంక మొగడు పెండ్లాలు మిరప నారు కాడికెల్లి చెల్లె పెండ్లి దాంక మాట్లాడుకుంటనే ఉన్నరు. ఆయన కదలలె. పొద్దుమీకి కొడుకులొచ్చి లాంచీ, కొండ, మ్యూజియంల రాతి బొమ్మలు అన్ని పూసగుచ్చినట్టు చెప్పిండ్రు. ముసలోళ్లు గూడ నా లెక్కనే నోరు తెరిచి ఇన్నరు.

సోమవారం పొద్దున మేము ఇంటి తొవ్వ వట్టినం. సికింద్రాబాద్‌ల మూడు గంటల బండి, నిలబడ జాగ లేదు. ఆయన కిటికీ కాడ కూసొని జనగామ దాటకముందే పండుకున్నడు. పల్లీలమ్మేటాయన మా కాడికొచ్చి ఆయన్ను చూసి గొంతు తగ్గించిండు. "పర్వాలేదు తమ్మీ, గట్టిగనే ఒర్రు" అన్న. అయినా ఘన్‌పూర్ దాంక రెండుసార్లు ముక్కు కాడ వేలు పెట్టి చూసిన. ఆ భయం ఇప్పట్ల పోయేది కాదు.

కాజీపేటల మా రైలు పెట్టె అంత ఖాళీ అయింది. బండి ఊకె నిలబడ్డది, ఎక్కడ సప్పుడు లేదు. ఆయన రెప్పలు కదిలినయి. మాట్లాడేటోళ్లు ఎవ్వరు లేరు, నేను తప్ప. రెండు నెల్ల సంది గుసగుసనే మాట్లాడిన దాన్ని, గొంతు సవరించుకొని మొదలువెట్టిన. పొద్దున తొమ్మిదింటికి రేవు కాడికి పోయినం, లాంచీ తెల్లగున్నది, పక్కన ముసలాయన బత్తాయిలు పంచిండు, నీళ్లు నడుమకొచ్చేసరికి సల్లగాలి అని. ఎవరన్న ఇంటె నిజంగ పోయొచ్చినమనుకుంటరు. బండి కదిలింది. నేను చెప్తనే ఉన్న.

వరంగల్ స్టేషన్ రాంగనే ఆపి సంచులు అందుకున్న. ఆయన కండ్లు తెరవలె.

"ఆపినవేంది," అన్నడు. "లాంచీ ఇంక కొండకు చేరనేలేదు గద."