సత్తవ్వ గుండెలో వినబడ్డ టిక్కు

1996 జూన్‌లో నన్ను మెదక్ ప్రభుత్వాసుపత్రికి బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరులో సర్జన్ ఉన్నా నేను కత్తి పట్టేవాణ్ణి కాదు, జనరల్ మెడిసిన్ చూసేవాణ్ణి. పొద్దున ఓపీ, మధ్యాహ్నం వార్డు, సందు దొరికితే పోలీసు కేసుల కాగితాలు. గుండెను తెరమీద చూపించే ఎకో యంత్రం మా దగ్గర లేదు, హైదరాబాద్ పంపాల్సిందే. మాకున్నవి స్టెతస్కోపు, రెండు చెవులు. నా చెవుల మీద నాకు గర్వం కూడా ఉండేది.

ఆ వానాకాలంలోనే శంకరంపేట దగ్గరి పల్లె నుంచి సత్తవ్వ వచ్చింది. బీడీలు చేస్తుంది, ఇరవై ఆరేళ్లు. కూర్చున్నచోటే గుండె దడదడ కొట్టుకుంటోందంది. పడుకోబెట్టి, కూర్చోబెట్టి, నిలబెట్టి విన్నాను. లబ్‌డబ్‌ల నడుమ చిన్నగా టిక్కుమంది. దాని వెనకే సన్నగా ఊదినట్టు మర్మర్. నిలబెడితే టిక్కు ఇంకాస్త ముందుగా వచ్చింది. మిట్రల్ వాల్వ్ ప్రొలాప్స్.

గుండె ఎడమవైపు పై గదికీ కింది గదికీ మధ్య రెండు రెక్కల కవాటం ఉంటుంది. మూసుకున్నప్పుడు రెక్క వదులై పై గదిలోకి ఉబ్బితే అదే ఈ జబ్బు. చాలామంది దీనితోనే నిక్షేపంగా బతికేస్తారు. మర్మర్ కూడా వినబడితే మాత్రం రక్తం వెనక్కి కారుతోందని అర్థం. అలాంటి రెక్కమీద క్రిములు గూడు కట్టుకోగలవు. పన్ను పీకినప్పుడు నోట్లోని క్రిములు నెత్తుట్లో కలుస్తాయి, అందుకే పీకించుకునే ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలన్నది ఆనాటి నియమం. తర్వాత దాన్ని చాలావరకు సడలించారు.

ఇదంతా నాకు తెలుసు. కానీ బయట లైను వరండా దాటింది. "ఏం గాదమ్మా, ఫికర్ చెయ్యకు" అన్నాను. దడకు మాత్రలు రాశాను. ఆమె ముఖం తేటపడింది. నేను మంచి డాక్టర్నేనని మురిసిపోయాను.

మరుసటి ఏడాది చలికాలంలో ఆమె భర్త మల్లేశం ఆమెను జీపులో తెచ్చాడు. నెలన్నరగా జ్వరం. ఊళ్లో ఆర్‌ఎంపీ మూడేసి రోజులు సూదిమందు ఇచ్చేవాడు, జ్వరం దిగేది, మళ్లీ వచ్చేది. అప్పటికి పట్టణంలో ప్రైవేటు ల్యాబులు పుట్టగొడుగుల్లా లేచాయి. ఎవరి నెత్తురు చూసినా టైఫాయిడే. ఈమెకూ ఆ కాగితమే ఇచ్చారు. నేను స్టెతస్కోపు పెట్టాను. మర్మర్ ఛాతీ అంతటా వినబడుతోంది. గోళ్ల కింద నెత్తుటి గీతలున్నాయి, క్రిములు కవాటాన్ని పట్టాయనడానికి అదో గుర్తు. జ్వరానికి ముందు ఏం జరిగిందని అడిగితే, పన్ను తీయించామని మల్లేశం చెప్పాడు.

గుండె సంగతి ఆ పళ్ల డాక్టర్‌కు చెప్పలేదా అని కోపంగానే అడిగాను. ఆయాసపడుతూ సత్తవ్వే జవాబిచ్చింది.

"అడిగిండు సార్, గుండెజబ్బు ఏమన్న ఉన్నదా అని. పెద్ద దవాఖానల చూపిచ్చుకున్న, ఏం గాదన్నరు అని చెప్పిన. మీరే గద సార్ అన్నది."

ఆ డాక్టర్ తన పని తాను సక్రమంగా చేశాడు. తప్పెవరిదో వెతకడానికి నేను నా గది దాటి పోనక్కర్లేకపోయింది.

వెంటనే హైదరాబాద్ పంపాం. అక్కడ రక్తం కల్చర్‌కు పెడితే ఏ క్రిమీ పెరగలేదు. అరకొర సూదిమందులు దాన్ని అణచాయే గానీ చంపలేదు. ఏ మందు వాడాలో తేల్చుకోలేక వాళ్లు అంచనా మీద నడిచారు. ఎకోలో కవాటాన్ని పట్టి ఉంచే సన్నటి తీగ ఒకటి తెగిపోయి కనిపించింది. కవాటం మార్చాలన్నారు. ఆపరేషన్ జరగకముందే, తొమ్మిదో రోజున, ఊపిరితిత్తుల్లో నీరు నిండి ఆమె చనిపోయింది.

కర్మలన్నీ అయ్యాక మల్లేశం ఆ కబురు చెప్పడానికే మా ఆసుపత్రికి వచ్చాడు. "మీరు చిట్టీ రాసిచ్చిండ్రని ఆడ మంచిగ చూసిండ్రు సార్" అని దండం పెట్టాడు. నాలుగు తిట్లు తిట్టిపోతే నాకు తేలికయ్యేది.

ఆ తర్వాత ఇంకా పదిహేనేళ్లు సర్వీసులో ఉన్నాను. మర్మర్ విన్న ప్రతి రోగికీ జబ్బు పేరు తెలుగులో రాసిచ్చాను. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా చూపించమన్నాను. నేనేం చెప్పానో వాళ్లతో తిరిగి చెప్పించుకున్నాను. కొందరు భయపడి ఏడ్చారు. ఓపీ ఆలస్యమవుతోందని సూపరింటెండెంట్ రెండుసార్లు మెమో ఇచ్చాడు. అయినా మానలేదు. మేమన్న మాటను రోగి తీసుకుపోయి ఇంకో డాక్టర్ ముందు సాక్ష్యంగా పెడతాడు, ఆ డాక్టర్ దాన్ని నమ్మి చెయ్యి వేస్తాడు. నేను సత్తవ్వకు సగమే చెప్పాను, ఆమె ఆ సగాన్నే పొల్లుపోకుండా అప్పజెప్పింది.