మత్తుకు ముందు ఒక ప్రశ్న

గుంటూరులో మాతో కలిసి పనిచేసిన మత్తు వైద్యులు డాక్టర్ జీవరత్నం గారు గుండెపోటుతో ప్రభువునందు నిద్రించారని వాళ్లబ్బాయి ఫోన్ చేశాడు. ముందురోజు సాయంత్రం క్యాంటీన్లో నాతో వాదించి వెళ్లిన మనిషి! నిశ్చేష్టుణ్ణయ్యాను. ఆ తర్వాత ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

రోగులు శస్త్రచికిత్స చేసినవాణ్ణి గుర్తుంచుకుంటారు. నిద్రపుచ్చి క్షేమంగా లేపినవాడి పేరు అడగరు. ఆ విస్మృతి ఆయనను ఏనాడూ బాధించలేదు. మితభాషి, మహా మొండి. తొందరపెడితే "కోసే పని మీదండీ, రోగి ఊపిరి నాది" అనేవారు.

సత్తెనపల్లి దగ్గర మిరపకోతలకు వెళ్లే మరియమ్మకు అన్నవాహిక అడుగున కండరం బిగుసుకుపోయి తిన్నది కడుపులోకి దిగేది కాదు. ఎండోస్కోపీతో, అంటే నోటిగుండా కెమెరా గొట్టం దింపి, లోపలినుంచే నేను ఆ కండరాన్ని కోయాలి. అంతకుముందు అన్నవాహిక శుభ్రంగా ఖాళీ కావాలి. లేకపోతే మత్తులో ఆ నిల్వంతా ఊపిరితిత్తుల్లోకి జారి ప్రాణం మీదికి వస్తుంది. అందుకే కొన్నాళ్లుగా పల్చటి ద్రవాలే తాగమన్నాం. చికిత్స రోజు ఏమైనా తిన్నావా అని నర్సు అడిగింది, నేనూ అడిగాను. లేదంది. జీవరత్నం గారు సిరంజి పట్టుకుని ఆగారు.

"ఆదివారం చర్చికి వెళ్లావా అమ్మా?"

"ఎళ్లానండి."

"ప్రభువు బల్లలో రొట్టె తీసుకున్నావా?" క్రీస్తు శరీరమని చర్చిలో పంచే చిన్న రొట్టెముక్క గురించి ఆయన అడిగింది.

"ఆపరేషనుకు పోతా తీసుకోకుండా ఎట్టాగండి? అది తిండి కాదు గదండీ."

"కాదులే. దిగిందా?"

ఆమె రొమ్ము మీద చెయ్యేసుకుంది. "ఈడనే ఉన్నట్టుందండి."

ఆయన సిరంజి కింద పెట్టేశారు. చిటికెడు ముక్కేగా అని నేను విసుక్కున్నాను. "చిటికెడే దిగలేదంటే దాని కింద ఏం పేరుకుందో మీకు తెలుసా?" అన్నారు.

ఆమెను కూర్చోబెట్టి, మెలకువగా ఉండగానే నోటిగుండా లావుపాటి గొట్టం దింపి, సెలైన్ పోసి లాగాం. ఎప్పటివో పులిసిన మెతుకులు, విరిగిన పాలు. గొట్టం మాటిమాటికీ పూడుకుపోయింది. ఆమె ఉక్కిరిబిక్కిరైంది. తెర మీద ఆక్సిజన్ అంకె పడిపోతుంటే గదిలో అందరం దాన్నే చూస్తున్నాం. ఆయన మాత్రం వీపు నిమురుతూ "దగ్గమ్మా, ఇంకోసారి దగ్గు" అంటూనే ఉన్నారు. అంకె మెల్లగా పైకొచ్చింది.

గొట్టం తీయగానే ఆమె ఆయన మీద విరుచుకుపడింది. "నీ చేతులు పడిపోను, నన్ను సంపుతావా?"

"తిట్టమ్మా. గట్టిగా తిట్టావంటే ఊపిరి బాగున్నట్టే" అని నవ్వారు. చికిత్స మర్నాటికి వాయిదా వేయించి, అన్నవాహిక ఖాళీగా ఉందని మళ్లీ చూశాకే నిద్రపుచ్చారు. ఆమె ఇప్పుడు కడుపునిండా అన్నం తింటోంది.

నిన్న ఆమెకు ఫోన్ చేశాను. ఆయన పేరు చెబితే తెలియలేదు. గొట్టం వేయించిన డాక్టరు అన్నాను. పోయారని చెప్పాను.

"తప్పయిందని చెప్పాలనుకున్నానండి. ఎప్పుడొచ్చినా లోపల ఎవరికో మత్తిస్తన్నారనేవాళ్లు" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

మహనీయా, మీకు నా నమస్సులు. రేపూ రోగులొస్తారు. ఏమైనా తిన్నారా అని మేము అడుగుతాం. తినలేదని వాళ్లు నిజమే చెబుతారు. ఆ తర్వాత ఏం అడగాలో మీకు తెలుసు. మాకు తెలియదు.