ఆపి ఉంచిన పాట

మా రేడియో అక్క పోయింది. వాకాడు వైపు సముద్రపు ఒడ్డు పల్లెల్లో ఎవరు పోయినా ఆ కబురు ఆమె గొంతులోనే వినేవాళ్ళం. ఆమె పోయిన కబురు మాత్రం చెప్పే గొంతు లేక, చేతులు జోడించిన బొమ్మలతో ఫోన్లలో మెసేజీగా తిరిగింది. కామెర్లు ముదిరి నెల్లూరు ఆసుపత్రిలో పోయిందట. నాకు ముందు కోపం వచ్చింది. అందరి ఇళ్ళ సంగతులూ చెప్పిన మనిషి, తన ఒంట్లో బాగాలేదని మాకు ఒక్క మాటైనా చెప్పకుండా పోవడం ఏం మర్యాద?

చేపలు పట్టే పల్లెల కోసం పెట్టిన చిన్న స్టేషన్ అది. తుఫాను షెల్టర్ మేడ మీద ఒక గది, ఒక మైకు, ఒక కంప్యూటరు, అంతే. పట్నం ఎఫ్ఎంలో అమ్మాయిల్లా ఆమె గలగలా మాట్లాడేది కాదు. గొంతు కాస్త బొంగురు. మధ్యలో మాట ఆపి, "ఉండండబ్బా, గొంతు తడుపుకుంటా" అని జీలకర్ర నీళ్ళు తాగేది. ఆ గుటక శబ్దం కూడా మా ఇళ్ళల్లో వినపడేది. మా అంగన్‌వాడీ పిల్లలు దాన్ని అచ్చం ఆమెలాగే చేసి చూపించి నవ్వేవాళ్ళు.

తెల్లవారకముందే పోయిన పడవలు పొద్దెక్కాక ఒక్కొక్కటే తిరిగి వస్తాయి. ఆమె కార్యక్రమం సరిగ్గా ఆ వేళకే. ప్రతి పడవకూ ఆ ఇంటివాళ్ళు కోరుకున్న పాట ఒకటి ఉండేది. పడవ ఒడ్డు చేరిందని ఎవరైనా ఫోన్ చేస్తే ఆ పాట వేసేది. చేరకపోతే వేయకుండా ఆపి ఉంచేది. తమ పాట వినపడగానే ఆడవాళ్ళు లేచి పొయ్యి మీద స్నానానికి నీళ్ళు పెట్టేవాళ్ళు. ఉప్పునీళ్ళలో నానిన మనిషి ఇంటికి వచ్చేసరికి అవి కాగి ఉండాలి. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, మా పల్లెలో అదొక పద్ధతి అయిపోయింది.

ఫోన్ చేసినవాళ్ళను ఆమె ఊరికే నమ్మేది కాదు. "కళ్ళతో చూసినావా, ఎవురన్నా చెప్తే విన్నావా?" అని పోలీసులా అడిగేది. విన్నానంటే, "పోయి చూసొచ్చి చెప్పు. చూడంది నేను ఎయ్యను" అని ఫోన్ పెట్టేసేది. ఒకసారి ఊరి పెద్దమనిషి కూడా తన పడవ గురించి ఫోన్ చేసి ఈ మాట అనిపించుకుని, మిట్ట మధ్యాహ్నం ఎండలో ఒడ్డు దాకా నడిచాడు. ఊరంతా వారం పాటు నవ్వుకుంది.

మా అన్న పాట వేణువుతో మొదలవుతుంది. పెళ్ళయిన కొత్తలో వదిన కోసం ఏరికోరి పెట్టించుకున్నాడు. "పాట నాదైతే నీళ్ళు కూడా నేనే పెట్టాల్నా?" అని వదిన అంటే, "పాట నీకు, పొయ్యి అమ్మకి" అనేవాడు. నిజంగానే అమ్మ ఆ పని ఎవరికీ ఇచ్చేది కాదు.

ఒకసారి వాయుగుండం వస్తోందని రేడియో అక్క ముందు రోజు నుంచీ అరుస్తూనే ఉంది. పడవలన్నీ పైకి లాగి కట్టేశారు. అన్న కొత్త వల మాత్రం ఇంకా సముద్రంలోనే ఉండిపోయింది. తెల్లారేసరికి అన్న లేడు, చిన్న పడవా లేదు. "గాలి లేచేలోపల లాక్కొచ్చేస్తా" అని వదినతో చెప్పి ఒక్కడే పోయాడట. గాలి తగ్గాక ఊరి పడవలన్నీ వెతికాయి. పడవ దొరకలేదు, వల దొరకలేదు, మనిషి దొరకలేదు.

ఆ తర్వాత రోజూ పడవల పాటలన్నీ అయిపోయాక ఆమె ఒక మాట చెప్పేది. "ఇంకొక పాట ఉండాది. ఆపి పెట్టుండా." అంతే, స్టేషన్ మూతపడేది. అమ్మ ఆ మాట విని రేడియో కట్టేసి లేచేది. మా ఇంట్లో స్నానానికి నీళ్ళు కాగడం అప్పటితో ఆగిపోయింది. చలికాలంలో కూడా అందరం చన్నీళ్ళే పోసుకున్నాం. కర్మ చేసేద్దామని పెద్దలు వచ్చి కూర్చుంటే, అమ్మ "పాట పడనీండి నాయనా" అనేది. వదిన వాళ్ళ నాన్న తడ నుంచి రెండుసార్లు వచ్చాడు. అక్కడ కంపెనీలో పని ఉందని, వచ్చెయ్యమని బతిమాలాడు. వదిన తల వంచుకుని, "పాట పడలేదు గదా నాయనా" అంది. బొట్టు పెట్టుకుంటే ఊళ్ళో ఒకరు మాట అనేవాళ్ళు, పెట్టుకోకపోతే ఇంకొకరు అనేవాళ్ళు.

చూసి చూసి ఒకరోజు నేనే షెల్టర్ మేడ ఎక్కాను.

"ఏసెయ్యక్కా. ఇంట్లో ఇద్దురు ఆడోళ్ళు చావలేక బతకలేక ఉండారు. ఆ పాట పడితే ఏడ్చి ఊరుకుంటారు."

ఆమె మైకు పక్కకు జరిపింది. "ఏస్తే మీ అమ్మ లేచి నీళ్ళు పెడతాది. ఆ నీళ్ళు ఎవురు పోసుకుంటారు, చెప్పు?"

నేను మెట్ల వైపు తిరిగాను.

"చూసినోళ్ళు ఒక్కురన్నా రానీమ్మా, ఆ నిమిషమే ఏస్తా. ఆమెకి అబద్ధం చెప్పలేను" అంది.

దయ లేని మనిషి అని తిట్టుకుంటూ మెట్లు దిగాను. అది దయో మొండితనమో నాకు ఇప్పటికీ తేలలేదు. కానీ ఒకటి చెప్పాలి. ఊళ్ళో పరామర్శలు పలచబడిపోయిన తర్వాత కూడా ఆమె మా గుమ్మం తొక్కడం మానలేదు. వాకాడు పోయే దారిలో స్కూటీ ఆపి, అమ్మ పక్కన చతికిలబడి రొయ్యలు ఒలిచేది. అన్న ఊసు గానీ పాట ఊసు గానీ ఎత్తేది కాదు. వేళ్ళకు ముల్లు గుచ్చుకుంటే అమ్మ నవ్వేది. ఆ రోజుల్లో అమ్మను నవ్వించింది ఆమె ఒక్కతే. అందుకు నేను ఆమెకు ఎంతో రుణపడి ఉన్నాను.

ఆమెను సాగనంపిన మర్నాడు స్టేషన్ నడిపేవాళ్ళు పట్నం నుంచి వచ్చి, ఆమెను తలచుకుంటూ కార్యక్రమం పెట్టారు. పంచలో మేకుకు తగిలించిన రేడియో కింద అమ్మ కూర్చుంది. వదిన చేపలు కడుగుతోంది. ఎవరో కొత్త గొంతు, "అక్కకు ప్రాణమైన పాట" అంది. వేణువు మొదలైంది.

నాకు అర్థమైంది. కంప్యూటర్లో ఆమె విడిగా దాచిన ఆ ఒక్క పాట వాళ్ళ కంటపడింది. అది ఆమెకు ఇష్టమైన పాట అనుకున్నారు, పాపం. వదిన చేతిలో చేప జారిపోయింది. అమ్మ లేచింది. పెద్ద డేగిసా కడిగి, నిండా నీళ్ళు పోసి, పొయ్యి మీద పెట్టి పుల్లలు ఎగదోసింది.

నేను వెనకాలే పోయాను. "అమ్మా, వాళ్ళకి తెలీక..." అన్నాను.

అమ్మ పొయ్యి ఊదుతూనే ఉంది. "చూడంది ఆమె ఎయ్యదు" అంది. "ఆమె గూడా ఆడికే పోయింది గదా. చూసినట్టుండాది వాణ్ణి."

వాళ్ళు పొరపాటున వేశారని అమ్మకు ఈ రోజుకీ చెప్పలేదు. అమ్మకు చదువు రాదు కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను. వదిన చదువుతుంది. చదివినా ఏమీ అనదు.

మావైపు చావు కబురు వింటే తల మీద నీళ్ళు పోసుకుంటారు. నీళ్ళు కాగాక అమ్మ, "రామ్మా" అని వదినను పిలిచి పెరట్లో బండ మీద కూర్చోబెట్టింది. వదిన వచ్చి తల వంచింది. అమ్మ చెంబుతో ముంచి మెల్లగా పోసింది. బొట్టు కరిగి ముక్కు మీదుగా కారింది. తర్వాత చెంబు వదిన చేతికిచ్చి తాను కూర్చుంది. రేడియోలో ఎవరిదో మరో పాట వస్తోంది. ఇద్దరి తలల మీద నుంచీ ఆవిరి లేస్తూనే ఉంది.