గిన్నెలో మిగిలిన అన్నం

బియ్యం కొలవడంలో మా అత్తని మించినవాళ్లు నరసన్నపేటలో లేరని ఆమె నమ్మకం. అలాంటిది మధ్యాహ్నం అందరూ తిన్నాక మిగిలిన అన్నం సాయంత్రానికి మాయమైపోతోంటే బెంగపడిపోయింది. "ఏటోనే, నా లెక్క తప్పిపోతన్నాది" అంటూ మర్నాడు ఇంకాస్త బియ్యం పోసేది.

ఆ అన్నం తినేది నేను. అందరి ముందు "ఆకలి లేదత్తా" అని రెండు ముద్దలు కెలికి మిషను ముందు కూర్చునేదాన్ని. ఆమె కునుకు తీయగానే జాకెట్టు కుట్టడం ఆపేసి, వంటింటి తలుపు దగ్గరకేసి, నిలబడే గిన్నె ఖాళీ చేసేదాన్ని. రుచి తెలిసేది కాదు. కడుపు నొప్పెట్టినా చెయ్యి ఆగేది కాదు. ఆమె ఎక్కువ వండితే నేను ఎక్కువ తినేదాన్ని. తర్వాత నా మీద నాకే అసహ్యం. ఆ కోపంతో మర్నాడు టిఫిన్ మానేసేదాన్ని.

చివరికి శ్రీకాకుళం వెళ్లి చూపించుకుంటే, డాక్టరమ్మ అంతా విని, "ఇది తిండిపోతుతనం కాదమ్మా, జబ్బు. నయమవుతుంది. పూటలు మానకండి, ఒంటరిగా తినకండి. ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి" అంది. అత్తకి ఎలా చెప్పను? మా కోడలు పిట్ట తిన్నట్టు తింటాదని వీధంతా చెప్పుకునే మనిషి!

ఏడుస్తూనే చెప్పాను.

"అయితే నా లెక్క తప్పలేదన్నమాట" అంది ముందు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడు నా పక్కన కూర్చుని, "ఆకలేస్తే సెప్పడానికి సిగ్గేటే? రేపట్నుంచి ఇద్దరం కలిసి తిందాం" అంది.

తిన్నాం. కానీ చాలు అంటే ఇంకో గరిటె వెయ్యమనే మా అత్తకి అర్థం. నాకేమో చాలిందో లేదో తెలిస్తే కదా! మధ్యలో ఆగి కడుపుని అడిగి చూడమంది డాక్టరమ్మ. చాన్నాళ్లు అది నోరెత్తలేదు. మళ్లీ తలుపు దగ్గరకేసిన రోజులూ ఉన్నాయి.

ఒక మధ్యాహ్నం, భావనపాడు నుంచి వచ్చిన చేపలతో పులుసు. నాకు ప్రాణం. సగంలో ఆగాను. కడుపు నిండుగా ఉంది, నొప్పి లేదు.

"చాలత్తా."

అప్పటికే గరిటె నా కంచం మీదికి వచ్చేసింది. ఆమె నా మొహంలోకి చూసింది.

"నిజంగానేటి?"

"నిజంగానే."

అత్త గరిటె వెనక్కి తీసుకుంది. సాయంత్రం గిన్నెలో అన్నం అలాగే ఉంది. నీళ్లు పోసి మూత పెట్టింది.

తెల్లారి లేచేసరికి నా కడుపు ఖాళీగా ఉంది. ఎన్నేళ్లయిందో పొద్దున్నే అలా అనిపించి! సంతోషం పట్టలేక వీధి గుమ్మం దాకా వినపడేలా అరిచాను: "అత్తా, ఆకలేస్తోంది!"

"రాయే" అంది, చద్దన్నంలోకి ఉల్లిపాయ తరుగుతూ.